నీరటి, నీరాట: నా అవతార్ కథ డైరీ

మే 18

కొత్త ఫైలు తెరిచాను. ప్రస్తుతానికి "మట్టికట్ట" అని పేరు పెట్టాను. ఒక్క వాక్యం రాసి ఆపాను: "యుద్ధం ముగిసి అది మూడో ఎండాకాలం. ఊరి చెరువు తెగి మాత్రం పన్నెండేళ్లయింది."

అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్ అమెరికాలో 2005 నుంచి 2008 దాకా మూడు సీజన్లుగా, 61 ఎపిసోడ్లుగా వచ్చిన కార్టూన్. నేను ఏడో తరగతిలో ఉండగా కేబుల్లో చూడటం మొదలుపెట్టాను. మాట సగమే అర్థమయ్యేది, బొమ్మ మొత్తం అర్థమయ్యేది. అందులో నాలుగు జాతులు: నీటి తెగలు, మట్టి రాజ్యం, అగ్ని దేశం, గాలి సంచారులు. ఒక్కో జాతిలో కొందరికి తమ భూతాన్ని, అంటే నీటినో మట్టినో నిప్పునో గాలినో, ఒంటి కదలికతో కదిలించే శక్తి ఉంటుంది. దాన్నే బెండింగ్ అంటారు. నాలుగూ తెలిసినవాడు అవతార్ ఒక్కడే. ఆ అవతార్ ఆంగ్ అనే పన్నెండేళ్ల పిల్లాడు. నూరేళ్లు మంచుగడ్డలో నిద్రపోయి లేచేసరికి లోకమంతా యుద్ధంలో ఉంటుంది.

నాకు మొదటి నుంచీ మట్టి రాజ్యం అంటేనే ప్రాణం. మా ఇల్లు ఖిలా వరంగల్ దగ్గర. బడికి పోవాలంటే మట్టికోట దాటాలి. బయట మట్టిగోడ, దాని వెంట కందకం, లోపల నలభై అయిదు బురుజుల రాతికోట. టీవీలో మట్టి రాజ్యపు రాజధాని బా సింగ్ సే నగరం మొదటిసారి కనిపించినప్పుడు, బయటి గోడ, లోపలి గోడ, మధ్యలో పొలాలు చూసి "ఇది మన కోటే" అని అరిచాను. అమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చింది, ఏమైందోనని.

ఆ రోజు నుంచి నోటుబుక్కుల్లో కథలు రాస్తూనే ఉన్నాను. అన్నీ మొదలైనవే, పూర్తయింది ఒక్కటీ లేదు. ఈసారి పూర్తి చేయాలి. తెలుగులోనే రాయాలి. పది అధ్యాయాలు, దసరా నాటికి.

మే 25

వారమంతా ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. బెండింగ్‌ని ఏమనాలి?

"వంచడం" అని రాస్తే కుదరదు. ఇనుప చువ్వను వంచుతాం, తల వంచుతాం, నీళ్లు వంచుతాం. మా ఇంట్లో నీళ్లు వంచడమంటే బిందెలోంచి చెంబులోకి పోయడం. పైగా వంచన అనే మాట వెనకే నిలబడి ఉంటుంది. "నియంత్రణ" అంటే నోటీసు బోర్డు మీద మాట. "శాసించడం" అంటే అగ్ని దేశపు రాజు ఓజాయికి సరిపోతుందేమో గానీ, ఆంగ్ వెంట తిరిగే నీటి తెగ పిల్ల కటారాకు నప్పదు. ఆమె నీటిని శాసించదు, నీటితో కలిసి కదులుతుంది.

కార్టూన్ వాళ్లు ఈ కదలికల్ని గాల్లోంచి పుట్టించలేదు. నీటికి తైచీ, మట్టికి హంగ్ గార్, నిప్పుకు ఉత్తర షావోలిన్, గాలికి బాగ్వా అని చైనా యుద్ధకళల నుంచి తీసుకున్నారు. సిఫు కిసు అనే గురువును పెట్టుకుని ప్రతి దెబ్బకూ అడుగు కుదిర్చారు. అందుకే మట్టివాళ్లు మోకాళ్లు వంచి, పాదాలు నేలకు అతికించి నిలబడతారు. నీటివాళ్ల బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి జారుతూనే ఉంటుంది. నాకు కావలసిన మాటలో ఆ శరీరం కనిపించాలి.

గురువారం నేను పనిచేసే డీటీపీ షాపులో పెళ్లికార్డు టైపు చేస్తుంటే బయట పాములాయన బూర వినిపించింది. పామును ఆడించేవాడు. ఆడించడం! వెంటనే పెళ్లికార్డు ఫైల్లోనే ఒక మూల టైపు చేసుకున్నాను: నీరాట, మన్నాట, నిప్పాట, గాలాట. నీరాటగాడు, మన్నాటగత్తె. ఆటంటే నేర్చుకోవాలి, ఆటకు నియమం ఉండాలి, ఆటలో ఒళ్లు అలిసిపోవాలి. ఇంతకన్నా మంచి మాట నాకు దొరకదు.

(కార్డు ప్రింటుకు పంపేముందు ఆ మూలను చెరిపేశాను. రెండుసార్లు చూసుకున్నాను.)

జూన్ 8

మొదటి నాలుగు అధ్యాయాలు అయ్యాయి. పదకొండు వేల పదాలు. ఇంత వేగంగా నేనెప్పుడూ రాయలేదు.

కథ ఇది. మట్టి రాజ్యంలో ఒక మెట్ట ఊరు. యుద్ధంలో అగ్ని దేశపు సైన్యం వాళ్ల చెరువు కట్టను తెగ్గొట్టింది. పొలాలు బీళ్లయ్యాయి, జనం వలస పోయారు. ఇప్పుడు యుద్ధం ముగిసింది. ఊళ్లో షువాన్ అనే పదహారేళ్ల మన్నాటగత్తె ఉంది. సాయం చేయడానికి ఉత్తర నీటి తెగ నుంచి ఇనూక్ అనే కుర్రవాడు వస్తాడు. నాలుగో అధ్యాయంలో కార్టూన్‌లోని ఆంగ్, కటారా, మన్నాట పిల్ల టాఫ్, అపా అనే ఎగిరే దున్న మీద దిగుతారు. ఒక్క పూటలో కట్ట లేస్తుంది, సాయంత్రానికి చెరువు నిండుతుంది, ఊరంతా సంబరం.

మా చిన్నమ్మ కూతురికి చదవమని ఇచ్చాను. ఇంటర్ రెండో ఏడాది. అవతార్ నాకంటే ఎక్కువసార్లు చూసింది. మంచం మీద బోర్లా పడుకుని, కాళ్లూపుకుంటూ రెండు గంటలు చదివింది.

"అక్కా, మంచిగుంది గని... మరి ఊరోళ్లు ఏం చేసిన్రు?"

"ఏం చేసుడేంది? సంబరం చేసిన్రు గదా."

"అదే. వాళ్లు వచ్చిన్రు, కట్టిన్రు, పోయిన్రు. రేపు మల్ల తెగితే?"

నాకు కోపమొచ్చింది. లేచి బయటికి వెళ్లిపోయాను. మట్టికోట చుట్టూ సగం దూరం నడిచాక ఆమె అడిగింది అవతార్ మనిషి అడగాల్సిన ప్రశ్నే అని తట్టింది. మొదటి సీజన్ పదో ఎపిసోడ్ గుర్తొచ్చింది. జెట్ అనే కుర్రాడు అగ్ని సైనికుల మీద కసితో ఆనకట్టను పేల్చి, కింద ఉన్న ఊరినే ముంచేయబోతాడు. ఆంగ్, కటారా అంతటివాళ్లు మోసపోయి, ఆ నీటిని పెంచడానికి సాయపడతారు కూడా. ఊరిని కాపాడింది ఏ శక్తీ లేని సోక్కా, కటారా అన్న. ముందే వెళ్లి జనాన్ని ఖాళీ చేయించాడు. ఆ కార్టూన్‌లో నాకు ఇష్టమైనదంతా అక్కడే ఉంది. నేను రాసిన పదకొండు వేల పదాల్లో మాత్రం ఒక్కచోటా లేదు.

ఇంటికొచ్చి ఫైలు పేరు మార్చాను, "పాతది" అని. కొత్తది తెరిచాను.

జూన్ 22

నర్సంపేట పక్కన మా అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లొచ్చాను. చెరువు గురించి రాస్తూ, చెరువు ఎట్లా పనిచేస్తుందో తెలియకుండా కూర్చోవడం నాకే సిగ్గనిపించింది. మన ప్రాంతమంతా కాకతీయుల నాటి చెరువులే. పాకాల, రామప్ప, లక్నవరం పేర్లు చిన్నప్పుడే బట్టీపట్టాం. కానీ తూము ఎట్లా తెరుస్తారని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అమ్మమ్మ నన్ను నీరటి తాత దగ్గరికి తీసుకుపోయింది. ఆయన వాళ్ల నాయిన, ఆయన నాయిన కూడా ఆ చెరువుకు నీరటోళ్లే. ఎవరి మడికి ఎన్ని గంటలు నీళ్లు పారాలి, ఏ రాత్రి తూము మూయాలి, మత్తడి ఎప్పుడు దుంకుతుంది, అన్నీ నీరటి చూసుకునేవాడు. పంట కళ్లం మీదికొచ్చాక ప్రతి రైతూ ఇన్ని గింజలు కొలిచి ఇచ్చేవాడు. తాతకు ఇప్పుడు ఎనభై దాటాయి. చూపు సగం పోయింది. అయినా కట్ట మీద నా కంటే వేగంగా నడిచాడు, చెప్పులు చేతిలో పట్టుకుని.

"తాతా, చెప్పులేసుకోరాదే, ముండ్లుంటయి."

"చెప్పులేసుకుంటే కట్ట ఏం చెప్తదో ఎట్ల తెల్వాలె బిడ్డా?"

ఆ మాటకు నిలబడిపోయాను. టాఫ్! కళ్లు కనపడని మన్నాటగత్తె, పాదాలతో నేలను చూసే పిల్ల. మా అమ్మమ్మ ఊరి చెరువు కట్ట మీద, తువ్వాల చుట్టుకున్న ముసలాయన రూపంలో నాకు ఎదురొచ్చింది.

తాత చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

కట్ట ఒక్కసారే లేపేది కాదు. జానెడు మందం మట్టి పోయాలి, నీళ్లు చల్లాలి, పశువుల్ని తోలి తొక్కించాలి, దిమ్మిసతో కొట్టాలి. ఆ పైన ఇంకో జానెడు. లోపల జిగట మట్టి, పైన మొరం, నీళ్లు కొట్టే వైపు రాయి పేర్చాలి. "ఒకటే దినంల లేపిన కట్ట ఒకటే వానకు పోతది." నా పాత నాలుగో అధ్యాయం మొత్తం ఆ ఒక్క మాటతో కూలిపోయింది. పోనీ, మంచిదే అయింది.

చెరువు తెగేది ఎక్కువసార్లు నీళ్లు ఎక్కువై కాదు, మత్తడి సరిగా లేక. కట్ట కంటే మత్తడి తక్కువ ఎత్తులో ఉండాలి, నిండిన నీళ్లు అటు నుంచి పోవాలి. మత్తడి పూడుకుపోతే నీళ్లు కట్ట మీదెక్కుతాయి. కట్ట మీద నీళ్లు పారితే ఇక అయిపోయినట్టే.

ఊట వస్తే భయపడొద్దు, ఊట రంగు చూడాలి. కట్ట బయటి వైపు తేటనీళ్లు ఊరితే చెరువు ఊపిరి తీస్తున్నట్టు. బురదనీళ్లు వస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు. బుంగ పడిందన్నమాట. బుంగ పడితే బయట మూయకూడదు. "ఈడ మూస్తే ఆడ పొడుస్తది. లోపట దాని నోరు జూడాలె." చెరువు వైపు నీటిమీద చిన్న సుడి తిరుగుతుంటుంది, నోరు అక్కడ. గడ్డిమోపుకు జిగటమట్టి పూసి ఆ సుడిలో వదిలితే, నీళ్లే దాన్ని లోపలికి లాక్కుని నోరు మూసుకుంటాయట.

తూము కూడా చూపించాడు. నీళ్లలో రెండు రాతిస్తంభాలు, మధ్యలో అడ్డరాయి, దాని బెజ్జంలోంచి దిగిన పొడవాటి కర్ర, కర్ర కింద మూత. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఈదుకుంటూ పోయి ఆ స్తంభం ఎక్కి, కర్ర లేపేవాళ్లట. చీకట్లో. వానలో.

బస్సులో తిరిగొస్తూ కిటికీ పక్కన కూర్చుని కథలోని మనుషుల జాబితా మళ్లీ రాసుకున్నాను. షువాన్ ఉంది, ఇనూక్ ఉన్నాడు. మూడో మనిషి కొత్తగా వచ్చింది: ఊరి నీరటి, ఒక ముసలమ్మ, ఏ శక్తీ లేనిది. ఆమె పేరు పక్కన "నీరటి" అని, ఇనూక్ పేరు పక్కన "నీరాట" అని రాశాను. రాసి చూసుకుంటే రెండు మాటల మధ్య తేడా ఒక్క దీర్ఘం, ఒక్క గుడి. ఇది నేను కావాలని చేసింది కాదు. మే నెలలో ఒక మాట పాములాయన ఇచ్చాడు, జూన్‌లో ఇంకో మాట తాత ఇచ్చాడు. మన భాషలో అవి రెండూ పక్కపక్కనే నా కోసం కూర్చుని ఉన్నాయి.

కథ పేరు మారింది. "నీరటి".

జూలై 6

పని తక్కువ, తలనొప్పి ఎక్కువ. ఇంట్లో యూనికోడ్‌లో, షాపులో ఖాళీ దొరికినప్పుడు పాత డీటీపీ ఫాంటులో టైపు చేశాను. రెండూ కలిపితే ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. "మత్తడి" అన్నచోటల్లా చెత్త అక్షరాలు. రెండో అధ్యాయం మొత్తం మళ్లీ కొట్టుకోవాల్సొచ్చింది. ఇక నుంచి ఒకే ఫాంటు, ఒకే ఫైలు. 6,400 పదాలు.

జూలై 20

టాఫ్‌ను తీసేశాను.

రెండు వారాలు ఆపుకుంటూ వచ్చాను. కొత్త ముసాయిదాలోనూ ఆమెకు ఒక అధ్యాయం రాసిపెట్టుకున్నాను, 4,200 పదాలు. దారినపోతూ ఊళ్లో ఆగుతుంది, షువాన్‌కు పాదాలతో చూడటం నేర్పుతుంది. నేను రాసిన అన్నింట్లోకీ అదే బాగుంది. కానీ టాఫ్ ఒక్కసారి కట్ట మీద కాలు పెడితే బుంగ ఎక్కడుందో ఆమెకు తెలిసిపోతుంది. ముసలమ్మకు చేయడానికి ఏమీ మిగలదు. ఇసుకలో తనకు సరిగా కనపడదని టాఫే ఎడారి ఎపిసోడ్‌లో చెబుతుంది. ఆ సాకు పట్టుకుని కట్టలో ఇసుక పెడదామనుకున్నాను. కానీ ఇసుకకట్ట నీళ్లు ఆపదు! టాఫ్ మీద ప్రేమతో చెరువుకు అన్యాయం చేయలేను. ఆ అధ్యాయాన్ని వేరే ఫైల్లో దాచుకున్నాను.

దాని బదులు దొరికింది ఇది. కార్టూన్ ప్రకారం మనుషులకు మన్నాట నేర్పింది బ్యాడ్జర్‌మోల్ అనే జంతువులు. గుడ్డివి, కొండల్ని తొలిచేవి. నీరాటను చంద్రుడు నేర్పాడు, నిప్పాటను డ్రాగన్లు, గాలాటను ఎగిరే దున్నలు. ఆ లోకంలో జంతువులు దాదాపు అన్నీ రెండు జంతువులు కలిసినవే. నాకు చిన్నప్పుడు అది ఎంతో వింతగా ఉండేది. మొన్న తాత "కట్టకు పగోడు పందికొక్కు" అన్నాడు కదా. పంది, కొక్కు. మనకు ఎప్పటి నుంచో అట్లాంటి జంతువు ఉంది! ఇంగ్లీషువాళ్ల బ్యాండికూట్ అనే మాట కూడా మన పందికొక్కు నుంచే పోయింది.

అందుకే నా కథలో కట్టను తొలిచేది ఒక బ్యాడ్జర్‌మోల్ పిల్ల. తల్లి తప్పిపోయి మెత్తటి కొత్త మట్టిలో గూడు చేసుకుంది. షువాన్‌కు అది గురువు. కొట్టకూడదు, తరమకూడదు. మొక్కాలి. అదే కట్టను చంపుతోంది. వాన మబ్బు పట్టింది.

ఇది రాసుకున్నాక రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

ఆగస్టు 10

నాలుగు రోజులు ముసురు. భద్రకాళి చెరువు వైపు వెళ్లి గొడుగు కింద అరగంట నిలబడ్డాను, నీటి మీద వాన ఎట్లా పడుతుందో చూడటానికి. సన్నవాన నీటిమీద పడినప్పుడు చుక్క కనపడదు, ముళ్లు లేచినట్టు కనపడుతుంది. పెద్దవాన పడితే బుడగలు. ఆ రెండు వాక్యాలు ఏడో అధ్యాయంలో పెట్టాను.

ఏడో అధ్యాయమే కథకు గుండె. ముందు షువాన్ తన బలంతో కట్టను ఒక్క ఉదుటున లేపుతుంది. ముసలమ్మ వద్దని అంటుంది, వినదు. మొదటి వానకు ఊట మొదలవుతుంది. ముసలమ్మ చెంబుతో ఆ నీళ్లు పట్టి చూపించే చోటు ఇట్లా ఉంది:

"ముసలమ్మ ఇత్తడి చెంబు ఊట కింద పెట్టింది. నిండాక అరుగు మీద పెట్టి, దీపం దగ్గరికి లాగింది. షువాన్ ఏదో అనబోయింది. ముసలమ్మ చెయ్యెత్తింది. ఇద్దరూ చెంబులోకి చూస్తూ కూర్చున్నారు. పైన వాన పడుతూనే ఉంది. కాసేపటికి చెంబు అడుగున, గోరు మందాన, ఎర్రమట్టి పేరుకుంది.

'ఇది కట్ట,' అంది ముసలమ్మ. 'చెంబులోకి వచ్చింది చూడు.'"

ఈ భాగం పదిహేడుసార్లు తిరగరాశాను. ముందు ముసలమ్మ చాలా మాట్లాడేది. ఎట్లా కట్టాలో, ఎందుకు తెగుతుందో ఒక పేజీ ఉపన్యాసం ఇచ్చేది. నీరటి తాత అట్లా మాట్లాడలేదు. నన్ను నడిపించాడు, చూపించాడు, ఒక్క మాట అన్నాడు. అది గుర్తు తెచ్చుకుని పేజీ కొట్టేస్తే చెంబు మిగిలింది.

ఆగస్టు 24

చెల్లిని తీసుకుని రామప్ప వెళ్లాను. ఎనిమిదో అధ్యాయంలో ఊళ్లో పాత గుడి ఉండాలి, అది ఎట్లా నిలబడిందో తెలియాలి.

రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పునాది గొయ్యిలో ఇసుక నింపి, దాని మీద అంత రాతి బరువు నిలిపారు. నేల కదిలితే ఇసుక సర్దుకుంటుంది, గుడి నిలుస్తుంది. శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. మట్టితోనే, ఇసుకతోనే, నిప్పుతో కాల్చిన ఇటుకతోనే ఇదంతా మనుషులు చేశారు. గుడికి పేరు కట్టించినవాడిది కాదు, చెక్కిన శిల్పిది అంటారు. నేను ఆ రాతి ఏనుగుల వరుస పక్కన నిలబడి చెల్లితో అన్నాను, "మన్నాట అంటే ఇదేనే." చెల్లి అటు తిరిగి చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు.

పక్కనే చెరువు నిండుగా ఉంది. కట్ట మీద చెప్పులు విప్పి నడిచాను. నాకేమీ చెప్పలేదు, నిజంగా. తాతకు చెప్పేది నాకెందుకు చెప్తుంది, నేను వచ్చింది ఒక్క పూట. షువాన్‌కు కూడా ఒక్క సీజన్‌లో పాదాల చూపు రాకూడదని అక్కడే అనుకున్నాను. ఎనిమిదో అధ్యాయంలో ఆమెకు తెలిసిపోయే చోటు కొట్టేశాను. ఆమె కట్ట మీద చెప్పుల్లేకుండా నడవడం మొదలుపెడుతుంది, అంతే.

సెప్టెంబర్ 7

బుంగ మూసే అధ్యాయం అయింది. తొమ్మిదోది.

ఇక్కడ ఇనూక్‌కు పని పడాలి. రెండో సీజన్‌లో అగ్ని దేశం బా సింగ్ సే గోడకు పెద్ద యంత్రంతో రంధ్రం పెట్టే ఎపిసోడ్ ఒకటుంది. యంత్రం తొలిచిన రాయి నీళ్లలో కలిసి బురదై వెనక గొట్టంలోంచి వస్తుంటుంది. కటారా ఆ బురదను వెనక్కి తోస్తుంది, టాఫ్ కూడా చెయ్యేస్తుంది. బురదంటే సగం నీరు, సగం మన్ను, ఇద్దరిదీ. నా బుంగ కూడా బురదే కదా. షువాన్ మట్టిని పట్టుకుంటే నీళ్లు జారిపోతాయి, ఇనూక్ నీళ్లను ఆపితే మట్టి కొట్టుకుపోతుంది. ఇద్దరూ ఒకే ఊపిరిలో చేయాలి. కానీ సుడి ఎక్కడ తిరుగుతుందో చీకట్లో వాళ్లకు కనపడదు. ముసలమ్మ తూము స్తంభం దాకా ఈదుకుంటూ పోయి అక్కడి నుంచి అరుస్తుంది. గడ్డిమోపులు కట్టేది ఊరివాళ్లు. పిల్లలు జిగటమట్టి పూస్తారు. బ్యాడ్జర్‌మోల్ పిల్లను ఒక కుమ్మరాయన గోనెసంచిలో చుట్టి, మొక్కి, ఒళ్లో పెట్టుకుంటాడు.

చెల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఈ అధ్యాయం. చదివి, "ఇప్పుడు ఊరున్నది" అంది. 21,300 పదాలు.

సెప్టెంబర్ 28

బతుకమ్మ రోజులు. షాపుకు సెలవు. పొద్దున అమ్మా నేనూ తంగేడు, గునుగు పేర్చాం. సాయంత్రం నీళ్లలో వదిలాం.

పదో అధ్యాయం చివర చెరువు నిండాక ఊరి ఆడవాళ్లు పూలు పేర్చి నీళ్లలో వదలాలని మొదట్నుంచీ నా కోరిక. రాశాను కూడా. చదువుకుంటే మనసుకు కష్టమైంది. మట్టి రాజ్యంలో బతుకమ్మ పెడితే అది మట్టి రాజ్యం కాకుండా పోతుంది, బతుకమ్మా బతుకమ్మ కాకుండా పోతుంది. ఒకళ్ల లోకంలో కథ రాస్తున్నప్పుడు ఆ లోకానికి నేను అతిథిని. తెచ్చుకోవలసింది పూలను కాదు, పూలు ఎందుకు నీళ్లకే ఇస్తామో అది. చెరువు నిండిందని ఆడవాళ్లకు తెలియాలి, వాళ్లు దాని దగ్గరికి రావాలి. అంతవరకు ఉంచాను. వాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి, నింపుకోకుండా, కట్ట మీద వరుసగా కూర్చుంటారు. పన్నెండేళ్ల తర్వాత మత్తడి దుంకిన చప్పుడు వినడానికి.

పూల భాగం కొట్టేసినప్పుడు అమ్మ పక్కనే ఉంది. "ఏమైందే, కండ్లల్ల నీళ్లు?" అంది. కథ పూర్తయిందని చెప్పాను.

అక్టోబర్ 12

షాపులోనే ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేశాను, మూడు ప్రతులు. ఇది అమ్మేది కాదు. ఆ లోకం నాది కాదు కాబట్టి ఎవరి దగ్గరా పైసా తీసుకోను. ఒకటి చెల్లికి, ఒకటి నాకు, ఒకటి నీరటి తాతకు.

తాతకు చదువు రాదు. కట్ట మీద చింతచెట్టు కింద కూర్చుని తొమ్మిదో అధ్యాయం చదివి వినిపించాను. చెరువు నిండి ఉంది. ఆయనకు అవతార్ తెలియదు, మన్నాట తెలియదు. నీరాటగాడు అనగానే "ఈదేటోడా?" అన్నాడు. అవునన్నాను. బ్యాడ్జర్‌మోల్‌ను పెద్ద పందికొక్కు అని చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు, కళ్లు మూసుకుని. ముసలమ్మ ఈదే చోట బొటనవేలు కదిలింది.

అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. ఒక్కటి తప్పు."

"ఏంది తాతా?"

"ఆ ముసల్ది తూము కాడికి పోయింది గదా. పోయినామె ఊకె అరుసుకుంట కూసుంటదా? తూము ఇప్పుతది. చెరువుల నీళ్లు తగ్గితే బుంగ మీద బరువు తగ్గుతది. ముందు అది జేయాలె."

నిజమే. తూము పక్కన కూర్చోబెట్టి, ఆమె చేత తూము తెరిపించలేదు నేను. ఇరవై ఒక్క వేల పదాల్లో ఆ ఒక్క పని రాయలేదు.

తాత ప్రతినే తీసుకుని, అక్కడే, పెన్నుతో, పేజీ అంచున రాశాను: "ఆమె రెండు చేతులతో కర్ర పట్టుకుని పైకి లాగింది. మూత కదలలేదు. మళ్లీ లాగింది." చదివి వినిపించాను. "మల్ల?" అన్నాడు తాత. ఇంకో వాక్యం రాశాను.